పండ్లతో పళ్ళకు మేలెంత? నేరేడు, వాక్కాయ, ఉసిరి – చిగుళ్ళ జబ్బు సూక్ష్మజీవులు



మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు "పండ్లు" అనే మాటకు రెండు అర్థాలు. చెట్టున కాసేవీ పండ్లే, పొద్దున్నే లేచి తోముకునేవీ పండ్లే. చదివేవాళ్ళకు గందరగోళం లేకుండా ఈ పాఠంలో నోట్లో ఉండేవాటిని "పళ్ళు" అని రాస్తాను, చెట్టువి "పండ్లు".

వీడియోలో వాక్కాయ కంచె, నేరేడు గుజ్జు చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతి ఒకటుంది, అది ఇక్కడ వివరంగా రాస్తున్నా. నేరేడు, వాక్కాయ, ఉసిరి పొడులు చేసి అమ్మే మనలాంటివాళ్ళను కొనేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఈ పొడితో తోమితే చిగుళ్ళ నుంచి రక్తం కారేది ఆగుతుందంట కదా?" అమ్మేవాడికి "అవును" అనడం సులభం. కానీ మన మాట నమ్మి ఆ మనిషి ఆరు నెలలు పొడితోనే గడిపితే, లోపల పంటి చుట్టూ ఉండే ఎముక కరిగిపోవచ్చు. కరిగిన ఎముక మళ్ళీ దానంతట అది పెరగదు. అందుకే ఈ ప్రశ్నకు జవాబు ఎంతవరకు అవునో, ఎక్కడి నుంచి కాదో మనకు తెలిసి ఉండాలి.

ముందు జబ్బు సంగతి

పళ్ళు తోమిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద సన్నటి పొరలా అంటుకుంటాయి. ఆ పొర మీద బ్యాక్టీరియా వచ్చి కూర్చుంటాయి. అదే పాచి. పాచిని రోజూ తీసేయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దానిలో చేరి గట్టిపడుతుంది. అది గార. గార బ్రష్‌కు రాదు, వేపపుల్లకు రాదు, ఏ పొడికీ రాదు.

పాచి పేరుకున్న చోట చిగురు ఎర్రబడి, ఉబ్బి, తోమేటప్పుడు రక్తం వస్తుంది. ఇది మొదటి దశ. ఈ దశలో పాచి, గార తీసేసి శుభ్రంగా ఉంచితే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. వదిలేస్తే చిగురుకూ పంటికీ మధ్య సందు లోతవుతుంది, సంచిలా తయారవుతుంది. పంటిని పట్టుకున్న ఎముక తరుగుతుంది. చీము, నోటి వాసన, చివరికి పన్ను కదలడం. పెద్దవాళ్ళు దీన్ని "పయోరియా" అంటారు. ఇది రెండో దశ. ఇక్కడ వైద్యంతో జబ్బును ఆపగలం గానీ పోయిన ఎముకను మొత్తంగా వెనక్కి తేలేం.

మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, నల్లరేగడిలో వానకు నీళ్ళు నిలబడ్డ మడిని గుర్తు చేసుకోండి. గాలి ఆడకపోతే మట్టిలో జీవులు మారిపోతాయి, కుళ్ళు వాసన వస్తుంది, వేరు దెబ్బతింటుంది. చిగురు సంచి కూడా అలాంటిదే. లోపల గాలి అందదు. గాలి అక్కరలేని బ్యాక్టీరియా అక్కడ పెరుగుతాయి.

ఎవరు ఆ సూక్ష్మజీవులు?

మన నోట్లో ఉండగలిగే బ్యాక్టీరియా జాతులు 700కు పైగా గుర్తించారు. అన్నీ శత్రువులు కావు. జీవామృతం వాడేవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మట్టిలోలాగే నోట్లోనూ సమతుల్యం ముఖ్యం.

మొదట వచ్చి పంటిని అంటుకునేవి ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతులు. వీటిలో చాలావాటితో చిగుళ్ళకు పెద్ద ముప్పు లేదు. తర్వాత వచ్చేది ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం. ఇది పొడుగ్గా ఉండి, ముందు వచ్చినవాటికీ తర్వాత రాబోయేవాటికీ మధ్య వంతెనలా పనిచేస్తుంది. ఆ వంతెన ఎక్కి చివరకు వచ్చేవే అసలు సమస్య. 1998లో అమెరికాకు చెందిన సోక్రాన్‌స్కీ, ఆయన సహచరులు చిగుళ్ళ జబ్బు ముదిరిన చోట కలిసి కనిపించే మూడింటికి "రెడ్ కాంప్లెక్స్" అని పేరు పెట్టారు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపోనెమా డెంటికోలా.

వీటిలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ మీద పరిశోధన బాగా జరిగింది. ఇది జింజిపెయిన్లు అనే ఎంజైములను వదులుతుంది. అవి మన ప్రొటీన్లను కత్తిరిస్తాయి. దీనికి రక్తంలోని ఇనుము కావాలి. అంటే చిగురు నుంచి రక్తం కారే కొద్దీ దీనికి మేత దొరుకుతుంది. "కొంచెం రక్తమే కదా" అని వదిలేయకూడదు అనేది ఇందుకే.

ఒక మందు పనిచేస్తుందని ఎలా తేలుస్తారు?

"ఫలానా పండు సారం చిగుళ్ళ బ్యాక్టీరియాను చంపుతుంది" అని ఎక్కడైనా చదివితే, అది ఏ మెట్టు మీద చేసిన పరీక్షో అడగాలి. నాలుగు మెట్లు ఉంటాయి.

మొదటి మెట్టు: గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాను పెంచి, మధ్యలో చిన్న గుంట చేసి సారం పోస్తారు. చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఎంత ఉందో కొలుస్తారు.

రెండో మెట్టు: సారాన్ని పలచన చేస్తూ పోయి, కనీసం ఎంత మోతాదులో పెరుగుదల ఆగుతుందో చూస్తారు. వలయం కంటే ఈ అంకె ముఖ్యం.

మూడో మెట్టు: విడిగా తేలే బ్యాక్టీరియా మీద కాకుండా, పాచిలా పొర కట్టిన గుంపు మీద పరీక్షిస్తారు. పొర కట్టిన బ్యాక్టీరియాను చంపడానికి చాలాసార్లు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి.

నాలుగో మెట్టు: మనుషుల మీద. వాడినవాళ్ళు, వాడనివాళ్ళు అని రెండు గుంపులు చేసి కొన్ని వారాలు, నెలలు చూస్తారు.

సీసాలో పురుగు మీద కషాయం పోస్తే చచ్చింది, చేనులో కొడితే ఆకు అడుగున దాక్కున్న పురుగు బతికింది. ఇది మనకు తెలిసిందే. మొదటి మెట్టు ఫలితం చూసి నాలుగో మెట్టు మాట చెప్పడం కూడా అలాంటిదే. పండ్ల సారాల మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం మొదటి మూడు మెట్ల మీదే ఉన్నాయి.

ఇంకో కిటుకు కూడా ఉంది. పుల్లటి రసం ఏదైనా పళ్ళెంలో బ్యాక్టీరియాను ఆపుతుంది. అది పండులోని మందు గుణమా, ఉత్త పులుపా అని తెలియాలంటే రసం పులుపును తటస్థం చేసి మళ్ళీ పరీక్షించాలి. నిమ్మరసంతో ఏది కడిగినా కొన్ని క్రిములు పోతాయి. అంతమాత్రాన నిమ్మరసం చిగుళ్ళ మందు కాదు.

క్రాన్‌బెర్రీ నేర్పిన పాఠం

ఈ విషయంలో అందరికంటే ముందు నడిచిన పండు అమెరికా, కెనడాల్లో పండే క్రాన్‌బెర్రీ. 1998లో ఇజ్రాయెల్‌కు చెందిన వైస్, ఆయన సహచరులు ఈ రసంలోని పెద్ద అణువుల భాగం నోటి బ్యాక్టీరియా ఒకదానికొకటి అతుక్కోవడాన్ని అడ్డుకుంటుందని చూపించారు. తర్వాత కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో గ్రెనియర్ బృందం ఈ పండులోని ప్రోయాంథోసయనిడిన్లు పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ ఎంజైములను, పొర కట్టే గుణాన్ని తగ్గిస్తాయని ప్రయోగశాలలో చూపింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ సారం గొప్పతనం చంపడంలో కంటే అతుక్కోనివ్వకపోవడంలో ఉంది. మన ప్రకృతి వ్యవసాయం ఆలోచన కూడా ఇదే కదా: పురుగును వెతికి చంపడం కంటే అది స్థిరపడే పరిస్థితి లేకుండా చేయడం.

కానీ అంగడిలో దొరికే క్రాన్‌బెర్రీ డ్రింకులో చక్కెర దండిగా ఉంటుంది. పరిశోధకులు వాడింది శుద్ధి చేసిన భాగం. చక్కెర రసం తాగితే పళ్ళు పుచ్చుతాయి. రెండూ ఒకటి కాదు.

మన చేను గట్టు పండ్లు

క్రాన్‌బెర్రీ మన ఎండకు రాదు. మన దగ్గర వచ్చేవి చూద్దాం. వృక్షశాస్త్రం లెక్కలో ఇవన్నీ "బెర్రీ"లు కావు గానీ, మన అవసరానికి ఒకే గంపలో వేద్దాం.

నేరేడు: నాలుక నీలంగా మారేది ఆంథోసయనిన్ల వల్ల. నోరు పట్టేసినట్టుండేది టానిన్ల వల్ల. టానిన్లు ప్రొటీన్లను పట్టుకుంటాయి, అందుకే ఆ వగరు. బ్యాక్టీరియా గోడను, ఎంజైములను కూడా పట్టుకోగలవు. ఆకు, బెరడు, గింజ సారాలు పలు బ్యాక్టీరియాను అడ్డుకుంటాయని ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. గుజ్జులో కంటే గింజలోనూ బెరడులోనూ టానిన్లు ఎక్కువ. అలాగని పళ్ళ కోసం చెట్టు బెరడు చెక్కకండి. గుజ్జు తీశాక పారేసే గింజలే కావలసినన్ని ఉంటాయి.

వాక్కాయ: మన వైపు కొందరు కలివికాయ అంటారు. పండిన కాయ ఎరుపు, నలుపు రంగు ఆంథోసయనిన్లదే. దీని సారాలకూ పళ్ళెం మెట్టులో బ్యాక్టీరియాను ఆపే గుణం కనిపించింది. కానీ ఇది బాగా పులుపు. నోట్లో పులుపు పీహెచ్ 5.5 కంటే కిందకు పోతే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. పచ్చి వాక్కాయ గుజ్జుతో రోజూ పళ్ళు రుద్దడం మేలు కాదు, కీడు. పప్పులో, పచ్చడిలో తినండి, తర్వాత నీళ్ళతో పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి.

ఉసిరి: దీని కథ వేరే. ఇది బ్యాక్టీరియా కంటే ముందు చిగురుకు సంబంధించింది. చిగురును పట్టి ఉంచే కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి కావాలి. అది లేకపోతే వచ్చే స్కర్వీలో చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి రకరకాల పదార్థాలు ఇస్తే, నారింజ, నిమ్మ తిన్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. నారింజ కంటే ఉసిరిలో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ. ఉసిరి, కరక్కాయ, తానికాయ కలిసిన త్రిఫల నీటితో పుక్కిలిస్తే పాచి, చిగురు వాపు తగ్గాయని మన దేశంలో మనుషుల మీద చేసిన కొన్ని చిన్న ప్రయోగాలు చెప్పాయి. కొన్నిటిలో డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌కు దగ్గరి ఫలితం వచ్చింది. మన గంపలో నాలుగో మెట్టు దాకా ఎక్కినవాటిలో ఇది ముఖ్యమైనది. అయితే ఆ ప్రయోగాలు మొదటి దశ జబ్బు మీద, తోమడంతో పాటు చేసినవే ఎక్కువ. తోమడం మానేసి ఇది వాడమని కాదు.

రేగు: విటమిన్ సి ఉంది, పచ్చిగా తినడానికి మంచిది. కానీ బెల్లం కలిపి దంచి ఎండబెట్టిన రేగి వడలు పళ్ళ సందుల్లో అతుక్కుని గంటల తరబడి ఉంటాయి. పిల్లలకు పెట్టాక నోరు కడిగించండి.

మట్టి నుంచి వచ్చిన చిగుళ్ళ మందు

మోతాదు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మన తెలుగువాడి కథ ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. సుబ్బారావు కన్నుమూసింది ఆ ఏడాదే. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అది మొదటిది. తొలకరికి మట్టి వాసన వస్తుంది చూడండి, అది కూడా ఆ స్ట్రెప్టోమైసిస్ జాతి జీవుల పుణ్యమే.

అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ళ జబ్బుకు 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇవ్వడానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ఆ మోతాదు బ్యాక్టీరియాను చంపదు. చిగురులోని కొల్లాజెన్‌ను కరిగించే మన ఒంటి ఎంజైములను తగ్గిస్తుంది. పెద్ద మోతాదులో ఒక పని, చిన్న మోతాదులో ఇంకో పని. అది కూడా గార తీయించుకున్నవాళ్ళకు తోడు వైద్యంగానే, డాక్టరు రాస్తేనే. అంత బాగా పరీక్షించిన మందుకే ఇన్ని షరతులున్నాయి. ఇక "చిటికెడు పొడి వేసి తోమండి" అనేదానికి ఏ లెక్క ఉంది?

పొడి చేసి అమ్మేవాళ్ళకు

ఆంథోసయనిన్లు వేడికి, వెలుగుకు, గాలికి పాడవుతాయి. మండే ఎండలో నాలుగు రోజులు పెట్టిన నేరేడు పొర గోధుమ రంగుకు తిరిగిందంటే రంగుతో పాటు గుణమూ చాలావరకు పోయినట్టే. పలచగా పరిచి నీడలో గాలి ఆడేలాగానీ, వేడి తక్కువ పెట్టిన డ్రయ్యర్‌లోగానీ ఆరబెట్టండి. తేమ లేకుండా, వెలుగు తగలని డబ్బాలో నింపండి. ఇనుప పాత్రల్లో వద్దు. టానిన్లు ఇనుముతో కలిసి నల్లబడతాయి.

పొడి వేరు, సారం వేరు అని గుర్తుంచుకోండి. సారం అంటే నీళ్ళతోనో ఆల్కహాల్‌తోనో లోపలి పదార్థాలు లాగి, చిక్కబరిచి, ఎంత ఉందో కొలిచింది. మన పొడి ప్రతి కోతకూ మారుతుంది. చెట్టును బట్టి, పక్వాన్ని బట్టి, ఆ ఏడు వానను బట్టి మారుతుంది. పరిశోధనలో సారానికి వచ్చిన ఫలితాన్ని మన పొడి డబ్బా మీద రాసుకోకూడదు.

చట్టం కూడా అదే చెబుతుంది. ఆహారంగా అమ్మే సరుకుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు ఉండాలి, దాని మీద రోగం నయం చేస్తుందని రాయకూడదు. పళ్ళపొడిగా అమ్మాలంటే ఆహార లైసెన్సు సరిపోదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద తయారీ లైసెన్సు కావాలి. పళ్ళపొడిలో పొగాకు కలపడాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. కొనేవాళ్ళు అడిగినప్పుడు నేను చెప్పే మాట ఇది: "అన్నా, ఇది తినే పొడి. వంటికి మంచిది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే ముందు పళ్ళ డాక్టరుకు చూపించు." దీనివల్ల రెండు డబ్బాలు తక్కువ అమ్ముడుపోవచ్చు. నమ్మకం మాత్రం నిలుస్తుంది.

ఇంట్లో పాటించాల్సినవి

రోజూ రెండుసార్లు, మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచు దగ్గర నెమ్మదిగా తోమండి. వేపపుల్ల, కానుగపుల్ల వాడేవాళ్ళు కొన మెత్తగా నమిలి కుచ్చులా చేసుకున్నాకే వాడండి, గట్టిగా రాయకండి. ఇటుక పొడి, బొగ్గు, ముతక ఉప్పు పంటి పైపొరను అరగదీస్తాయి.

రెండు వారాలు శుభ్రంగా తోమినా రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పన్ను కదులుతున్నా, చీము వస్తున్నా రెండు వారాలు కూడా ఆగొద్దు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనేది అపోహ. గార పట్టి ఉన్నప్పుడు తెలియని వదులు, గార తీశాక తెలుస్తుంది, అంతే.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది. రెండువైపులా నడిచే దారి అది. నేరేడు గింజల పొడి తింటున్నామని షుగర్ మాత్రలు ఆపకండి.

బీడీ, గుట్కా, పొగాకు నమిలేవాళ్ళకు ఒక మాట. పొగ తాగేవాళ్ళ చిగుళ్ళకు రక్త ప్రసరణ తగ్గి, జబ్బు ఉన్నా రక్తం తక్కువగా వస్తుంది. రక్తం రావట్లేదు కాబట్టి బాగున్నామనుకుంటారు. లోపల ఎముక పోతూనే ఉంటుంది.

గట్టు మీద నాటుకోవడానికి

పైదంతా చదివి "మరి ఈ చెట్లు ఎందుకు?" అనుకోకండి. ఆదోని వైపు పత్తి, ఎమ్మిగనూరు వైపు వేరుశనగ ఒక్కటే నమ్ముకుంటే వాన ముఖం చాటేసిన ఏడు ఏమవుతుందో మనకు తెలుసు. వాక్కాయను మీటరుకొకటి చొప్పున గట్టు మీద నాటితే ముళ్ళ కంచె అవుతుంది, మేకలు దూరవు, వానాకాలంలో కాయ వస్తుంది. అంటు నేరేడు 8 నుంచి 10 మీటర్ల దూరంలో, ఉసిరి 6 నుంచి 8 మీటర్ల దూరంలో నాటుకోవచ్చు. మొదటి రెండేళ్ళు వేసవిలో నీళ్ళు, ఆకుల ఆచ్ఛాదన, నెలకోసారి మొదట్లో జీవామృతం ఇవ్వండి. మొక్కలు, అంట్ల గురించి ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు.

నేరేడు జూన్, జూలైలో, వాక్కాయ వానాకాలంలో, ఉసిరి కార్తీకం నుంచి, రేగు సంక్రాంతికి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో ఏదో ఒక పండు ఉంటుంది. బెల్లం పాకం లేకుండా, పండును పండుగా తింటే వంటికి మంచిది, చిగురుకూ మంచిది. పాచి తీసే పని బ్రష్‌ది, గార తీసే పని డాక్టరుది. వాళ్ళ పని మన పండు చేస్తుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఈసారి మీ దగ్గర పొడి కొన్న మనిషి చిగుళ్ళ మాట ఎత్తితే, ఎన్నాళ్ళ నుంచి రక్తం వస్తోందో ముందు అడగండి. రెండు వారాలు దాటింది అంటే, పొడి డబ్బా చేతికిచ్చే ముందే డాక్టరు దారి చూపించండి.